ఎరుక ఎవరిది? ఆదివాసీ ఆరోగ్య పరిశోధన – తెలుగు శాఖల బాధ్యత

ప్రస్తావన

తెలుగు శాఖల్లో గిరిజన సముదాయాల మీద వెలువడే సిద్ధాంత గ్రంథాలకు ఒక స్థిరమైన చట్రం ఏర్పడిపోయింది. మొదటి అధ్యాయంలో జాతి పుట్టుపూర్వోత్తరాలు, రెండో అధ్యాయంలో ఆచార వ్యవహారాలు, తరువాత పాటలు, కథలు, సామెతలు, పొడుపు కథలు. చివరికి ఎక్కడో ‘వైద్యం – నమ్మకాలు’ అనే ఉపశీర్షిక. దాని కింద పది పదిహేను మూలికల పేర్లు, దిష్టి తీసే పద్ధతి, మంత్రసాని పనితనం గురించి రెండు పేరాలు. అనుబంధంలో సమాచార దాతల పట్టిక: పేరు, వయస్సు, కులం, చదువు. చదువు అన్న గడిలో చాలాసార్లు ‘నిరక్షరాస్యులు’ అనే మాట. గ్రంథానికి పట్టా వస్తుంది; ప్రతి గ్రంథాలయానికి చేరుతుంది; పట్టికలోని మనుషుల ఇంటికి మాత్రం చేరదు.

ఈ చట్రం పాతబడిందని, కొంత సవరించుకుంటే సరిపోతుందని ఒప్పుకొనేవారు ఇప్పటికే ఉన్నారు. అది చాలదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఒక సముదాయపు ఆరోగ్యాన్ని గురించి, అస్తిత్వాన్ని గురించి, బాగును గురించి జరిగే పరిశోధనలో ప్రశ్నను నిర్ణయించే అధికారం, మాటను ఎంచుకొనే అధికారం, ఫలితం మీద హక్కు ఆ సముదాయానికే ఉండాలి. అవి లేని పనిని సేకరణ అనవచ్చు; పరిశోధన అనడానికి వీలులేదు. ఆరోగ్యం వైద్య శాస్త్రజ్ఞుల విషయమని, తెలుగు శాఖలకు దానితో ప్రసక్తి లేదని చెప్పడం బాధ్యతను తప్పించుకోవడమే.

ఎరుకలసాని వేషం

ఈ వాదానికి తెలుగు సాహిత్యంలోనే ఒక పాత సాక్ష్యం ఉంది. వేంకటాచల కథలో పద్మావతి అస్వస్థురాలవుతుంది. కారణం ఎవరికీ అంతుపట్టదు. అప్పుడు శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు నగరికి వచ్చి, ఎరుక చెప్పి, ఆమె వ్యథకు మూలమేమిటో తల్లి ధరణీదేవికి తెలియజేస్తాడు. ‘వేంకటాచల మాహాత్మ్యము’ రచించిన తరిగొండ వెంగమాంబ మదనపల్లె సీమలోని తరిగొండకు చెందిన కవయిత్రి. యక్షగానాలలో, కురవంజులలో ఎరుకలసాని తప్పనిసరి పాత్ర. విరహంతో కృశించిన నాయిక శరీరాన్ని, మనస్సును కలిపి చదవగలిగిన వ్యక్తిగా ఆ సాహిత్యం ఆమెను నిలబెట్టింది. నేటి పరిభాషలో చెప్పాలంటే రోగ నిర్ధారణ ఆమె పని.

సాహిత్యం ఇచ్చిన ఆ గౌరవం వేషానికి దక్కింది, మనిషికి దక్కలేదు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికి విస్తరించినప్పుడు ఎరుకల సముదాయాలు దాని కిందికి వచ్చాయి. పుట్టుకతోనే అనుమానితులుగా లెక్కకెక్కడం, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవడం, హాజరు వేయించుకోవడం వారి నిత్య జీవితమైంది. 1913లో స్టూవర్టుపురం వంటి నిర్బంధ ఆవాసాలు ఏర్పడ్డాయి. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయినా అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో అనుమానం మిగిలిపోయింది. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ గ్రంథంలో మనుషుల ముక్కుల కొలతలు, తలల కొలతలు ఉన్నాయి. దేహం మీద ఆనాటి పరిశోధన ఇటువంటిది. కొలిచినవారికి పేరుంది, కొలతకు ఒడిగట్టవలసి వచ్చినవారికి లేదు.

ఎరుక అంటే జ్ఞానం. ఆ జ్ఞానం పేరుతోనే పిలువబడే సముదాయాన్ని సిద్ధాంత గ్రంథాల అనుబంధం ‘సమాచార దాత’ అనే గడిలో కూర్చోబెట్టింది. సమాచారం ఇచ్చేవారు ఒకరు, దానిని జ్ఞానంగా మార్చేవారు మరొకరు అన్న విభజన ఈ ఒక్క సమాసంలోనే ఉంది. థర్‌స్టన్ పద్ధతిని ఖండిస్తూ పీఠిక రాసే పరిశోధకులు అదే విభజనను అనుబంధంలో కొనసాగించడం విచారకరం.

మదనపల్లె నుంచి భద్రాచలం దాకా

ఆరోగ్య పరిశోధనకు ఈ సీమ కొత్త కాదు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయం 1915 నుంచి పనిచేసింది. దేశంలో బి.సి.జి. టీకా 1948లో మొదలైన తొలి కేంద్రాలలో మదనపల్లె ఒకటి. 1950–55 మధ్య ఆ చుట్టుపక్కల గ్రామాల జనాభా మీద జరిగిన క్షయ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడి, ప్రపంచ వైద్య సాహిత్యంలో ప్రసిద్ధి పొందింది. ఆ కృషి విలువను తక్కువ చేయవలసిన పని లేదు. క్షయ ఒక ఊరిలో ఎలా వ్యాపిస్తుందో, ఎందరిలో నిద్రాణంగా ఉంటుందో అర్థం చేసుకోవడానికి అది తోడ్పడింది.

అయితే ఆ పద్ధతిలో గ్రామం ఒక నమూనా. మనుషులు ఎక్స్‌రే పటంగా, చర్మ పరీక్షలో తేలిన మిల్లీమీటర్ల వాపుగా నమోదవుతారు. క్షయ సోకిన కోడలిని అత్తవారిల్లు ఎలా చూసింది, ఏ మాటతో ఆ రోగాన్ని పిలిచారు, ఏ మాటను పైకి అనడానికి జంకారు, చికిత్సాలయం నుంచి తిరిగి వచ్చినవారిని ఊరు ఎక్కడ కూర్చోబెట్టింది అన్న ప్రశ్నలకు ఆ పట్టికల్లో గడి ఉండదు. వాటిని అడగవలసింది భాషా సాహిత్య శాఖలు. అదే సీమలోని కళాశాలలు, విశ్వవిద్యాలయాలు తెలుగు చదువుకు పేరుపొందినవే. వైద్యులు తమ పని చేశారు. తెలుగు శాఖలు తమ పనిని గుర్తించనే లేదు.

సముదాయానికి మాట లేని ఆరోగ్య పరిశోధన ఎక్కడిదాకా పోగలదో 2009లో ఖమ్మం జిల్లాలో బయటపడింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకాను ‘ప్రదర్శనాత్మక ప్రాజెక్టు’ పేరుతో ఇచ్చారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో చదువుతున్న ఆదివాసీ బాలికలు. కొందరు బాలికలు మరణించిన తరువాత 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణ సంఘం తేల్చలేదు. ఆ సంగతిని దాచి వాదించడం న్యాయం కాదు, అవసరమూ లేదు. ఎందుకంటే దోషం మరొకచోట రుజువైంది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం సమర్పించిన 72వ నివేదిక ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 అంగీకార పత్రాలను ప్రస్తావించింది. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద వసతి గృహాల సంక్షేమాధికారుల సంతకాలు ఉన్నాయి. తల్లిదండ్రుల స్థానంలో వార్డెను సంతకం చేసిన కాగితాన్ని అంగీకారంగా లెక్కించారన్నమాట.

ఈ ఉదంతాన్ని వైద్య నీతి సమస్యగా మాత్రమే చూడడం అలవాటైంది. అది భాషా సమస్య కూడా. ఏ భాషలో, ఏ మాటలతో ఆ తల్లిదండ్రులకు విషయం చెప్పాలి? కోయ మాట్లాడే తల్లికి అచ్చు తెలుగులో రాసిన అంగీకార పత్రం ఏ పాటి అర్థమవుతుంది? ‘ప్రదర్శనాత్మక ప్రాజెక్టు’ అన్న సమాసానికి తెలుగు చదువుకొన్నవారికైనా అర్థం స్ఫురిస్తుందా? ప్రభుత్వ తెలుగును, పత్రికల తెలుగును పరిశీలించే పరిశోధనలు శాఖల్లో అనేకం ఉన్నాయి. అంగీకార పత్రాల తెలుగు మాత్రం ఎవరి విషయమూ కాకుండా పోయింది.

బాగు, సంక్షేమం, నెమ్మది

ఆరోగ్య పరిశోధనలో తెలుగు శాఖలు చేయగలిగిన పని ఏమిటన్న ప్రశ్నకు జవాబు మాటల్లోనే ఉంది. ‘ఆరోగ్యం’ అంటే రోగం లేకపోవడం. ‘స్వస్థత’ అంటే తనలో తాను నిలిచి ఉండడం. ఇవి సంస్కృత సమాసాలు. ఇంట్లో, వీధిలో పలికే మాట ‘బాగు’. ‘బాగున్నారా’ అన్న పలకరింపు ఒంటిని మాత్రమే ఉద్దేశించదు. పిల్లలను, పశువులను, పంటను, పొరుగువారితో పొత్తును కలుపుకొని అడుగుతుంది. ‘బాగోగులు’ అన్న జంటమాటలో బాధ్యత కూడా ఉంది. ఒకరి బాగోగులు చూడడమంటే వారిని పోషించడం, కనిపెట్టుకొని ఉండడం. జ్వరం ‘నెమ్మదించింది’ అన్నప్పుడు మనసు కుదుటపడడం, ఒళ్ళు కుదుటపడడం రెండూ ఒకే క్రియలో ఇమిడిపోతాయి.

ప్రభుత్వ పత్రాల్లో ఈ భావానికి దక్కిన మాట ‘సంక్షేమం’. ఆ మాట ఇప్పుడు శాఖ పేరు, హాస్టలు పేరు, పథకం పేరు. బాగు ఒకరు అనుభవించేది. సంక్షేమం ఒకరు మరొకరికి అందించేది. సర్వే ప్రశ్నావళిలో మొదటి మాటకు బదులు రెండో మాట వచ్చిన క్షణంలోనే జవాబు మారిపోతుంది. ‘మీకు సంక్షేమం అందుతోందా’ అని అడిగితే రేషను, పింఛను గురించి జవాబు వస్తుంది. ‘మీవాళ్ళు బాగున్నారా’ అని అడిగితే ఏ జవాబు వస్తుందో అడిగి చూసినవారికే తెలుస్తుంది. కేవల అనువాద సమస్యగా కనిపించే ఈ తేడా పరిశోధన ఫలితాన్నే నిర్ణయిస్తుంది.

చిత్తూరు జిల్లాలో ఈ సమస్య మరింత చిక్కనిది. యానాదులు మాట్లాడేది తెలుగు మాండలికం. ఎరుకల భాష ద్రావిడ భాషల్లో తమిళానికి చేరువైనది. సుగాలీల గోర్ బోలి ఇండో ఆర్య భాష. దానికి సొంత లిపి లేదు. నొప్పిని, భయాన్ని, పురిటిని, మరణాన్ని ఈ మూడు భాషలు మూడు తీర్లుగా విభజిస్తాయి. వాటన్నిటినీ ప్రామాణిక తెలుగులోకి మార్చి రాసుకొన్న తరువాత మిగిలేది సముదాయాల మాట కాదు, పరిశోధకుడి మాట.

బైరెడ్డిపల్లెలో అస్తిత్వం

బైరెడ్డిపల్లె మండలం పలమనేరుకూ కుప్పానికీ నడుమ, కర్ణాటక తమిళనాడు సరిహద్దులకు చేరువలో ఉంది. అస్తిత్వం అనే మాటకు ఇక్కడ పుస్తకాల్లో లేని అర్థం ఒకటి కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సుగాలీలు, ఎరుకలవారు షెడ్యూల్డు తెగలు. సరిహద్దు దాటి ముళబాగిలు వైపు వెళితే అదే బంజారాలు, ఎరుకలతో బంధుత్వం ఉన్న కొరచ, కొరమ సముదాయాలు షెడ్యూల్డు కులాలు. పిల్లనిచ్చి పుచ్చుకొనే కుటుంబాలు గీతకు ఇటు ఒక జాబితాలో, అటు మరొక జాబితాలో ఉంటాయి. చిత్తూరు జిల్లాలో అయిదో షెడ్యూలు ప్రాంతం లేదు. ఆదివాసీ ఆరోగ్యం అనగానే అరకు, పాడేరు, భద్రాచలం మనసులో మెదలడం, మైదానంలో చెదిరి ఉన్న ఈ సముదాయాలు మెదలకపోవడం అందువల్లనే. జాబితాను బట్టి, షెడ్యూలును బట్టి పరిశోధన క్షేత్రాన్ని ఎంచుకొనే పద్ధతిలో బైరెడ్డిపల్లె ఎన్నటికీ క్షేత్రం కాదు.

ఇక్కడ పరిశోధనను సముదాయమే నడిపిస్తే ప్రశ్నలు మారతాయి. మూలికల పట్టిక మొదటి ప్రశ్న కాకపోవచ్చు. ఈ సీమ అడవుల్లో 1990లో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. ఏనుగులు పొలాల్లోకి రావడం పలమనేరు, కుప్పం ప్రాంతాలకు నిత్యానుభవం. ఏనుగు భయంతో మేల్కొని గడిపే రాత్రులు ఆరోగ్య ప్రశ్న కావా? బుట్టలల్లే ఎరుకల ఇంటికి వెదురు దొరకకపోవడం, పందుల పెంపకాన్ని ఊరు ఏవగించుకోవడం, దొంగతనం జరిగిన ప్రతిసారీ ముందుగా తమవైపే చూపు మళ్ళడం ఒంటిమీద, మనసుమీద చేసే పని ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు రిజిస్టరులో నమోదవుతుంది? ఇవి పరిశోధకులు ఊహించి రాయగల ప్రశ్నలు మాత్రమే. సముదాయం కూర్చొని నిర్ణయించుకొనే ప్రశ్నలు వేరే ఉండవచ్చు, ఉండాలి కూడా.

ఆ ప్రశ్నలు సాహిత్యంలో ఇప్పటికే మొదలయ్యాయి. పలమనేరు బాలాజీ ‘ఏకలవ్య కాలనీ’ ఎరుకల జీవన గాథలను తెలుగు కథలోకి తెచ్చింది. బంజారా జీవితాన్ని కవిత్వంలో, కథలో పలికించిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథా సంపుటికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. ఈ రచనలను అస్తిత్వవాద సాహిత్యం అనే అరలో పెట్టి వస్తువు, శిల్పం, భాష అని మూడు ముక్కలుగా విశ్లేషించి ఊరుకోవడం శాఖల అలవాటు. ఒక సముదాయం తన బాగును, కీడును తానే నిర్వచించుకొంటున్న పత్రాలుగా వాటిని చదవడం ఇంకా మొదలు కావలసి ఉంది.

హక్కు ఎవరిది

సముదాయ నాయకత్వం ఆదర్శవాదుల కల అనడానికి వీలులేదు. దానికి పూర్వ రూపాలు ఉన్నాయి. 2007 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటనకు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఆ ప్రకటనలోని 24వ అధికరణం సంప్రదాయ వైద్యం మీద, 31వ అధికరణం సంప్రదాయ జ్ఞానం మీద ఆదివాసుల హక్కును గుర్తించింది. దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు 2017లో తమను పరిశోధించేవారికి తామే నియమావళి రాసుకొన్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, నియత ప్రక్రియ అనేవి అందులోని సూత్రాలు. అమెరికాలో హవాసుపాయి తెగవారు మధుమేహం అధ్యయనం కోసమని 1990 నుంచి ఇచ్చిన రక్తాన్ని వారికి తెలియకుండా ఇతర పరిశోధనలకు వాడినందుకు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 2010లో పరిహారం చెల్లించి, మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చింది.

పొరుగున తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల పాము పట్టేవారి సహకార సంఘం మరో ఉదాహరణ. పాములను ఎరిగిన తరతరాల విద్య ఇక్కడ పరిశోధకుల గ్రంథంలో అనుబంధం కాలేదు; విషపు విరుగుడు మందు తయారీకి ఆధారమై, ఆ సముదాయపు జీవికగా నిలిచింది. తెలుగు నేల మీద జహీరాబాదు ప్రాంతపు దళిత మహిళలు సంఘాలుగా ఏర్పడి కెమెరా చేతబట్టి, 2008 నుంచి సొంత రేడియో నడిపి, తమ విత్తనాలను గురించి, తిండిని గురించి తామే విచారించుకొన్నారు. అక్షరం రాకపోవడం పరిశోధనకు అడ్డు కాదని వారు నిరూపించారు. ‘నిరక్షరాస్యులు’ అన్న గడిని కొట్టివేయడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఇప్పుడు ఈ విషయం మరింత తొందరపెడుతోంది. 2023 జులైలో ప్రారంభమైన సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యంగా పెట్టుకొంది. అందులో అధికులు ఆదివాసులు. పరీక్ష అవసరమే. కాని జన్యు లక్షణాన్ని తెలిపే కార్డు ఒక యువతి చేతికి వచ్చినప్పుడు అది వైద్య పత్రంగానే ఉండదు. పెళ్ళి మాటల్లోకి వస్తుంది, పేరుకు అతుక్కుంటుంది. ముద్ర వేయించుకోవడం అంటే ఏమిటో 1911 నుంచి ఎరిగిన సముదాయాలకు ఈ కార్డు అర్థాన్ని ఏ భాషలో ఎవరు వివరిస్తారు?

ఆక్షేపణలు

ఈ ప్రతిపాదన మీద మూడు ఆక్షేపణలు సహజంగా వస్తాయి. మొదటిది తటస్థతను గురించి. సముదాయమే ప్రశ్న వేసి సముదాయమే జవాబు రాస్తే నిష్పాక్షికత ఏమవుతుందని అడగవచ్చు. ఇదే ప్రశ్నను ప్రబంధ సాహిత్యం మీద, శతకాల మీద తమ కుటుంబ, కుల పరంపరలోని కవులను పరిశోధించినవారిని ఎవరూ అడగలేదు. వారి సన్నిహిత పరిచయం అర్హతగా లెక్కకు వచ్చింది. ఎరుకల పరిశోధకురాలు ఎరుకల వైద్యాన్ని గురించి రాస్తే అదే సాన్నిహిత్యం దోషం కావడం తర్కానికి నిలవదు. ఆధారాలను పరీక్షించే నియమం అందరికీ ఒకటే ఉండాలి.

రెండో ఆక్షేపణ బలమైనది. సముదాయం ఏకశిల కాదు. అందులో పెద్దమనుషులు, కోడళ్ళు, భూమి ఉన్నవారు, లేనివారు ఉంటారు. పాముకాటుకు మంత్రం మీద ఆధారపడి ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. అటువంటి ఆచారాన్ని సముదాయం మాట అని గౌరవించాలా? సముదాయ నాయకత్వం అంటే సముదాయాన్ని పొగడడం అని అర్థం చేసుకొన్నప్పుడే ఈ చిక్కు వస్తుంది. ఆలస్యం ఎందుకు జరుగుతోందో కూడా అడగాలి. ఆసుపత్రికి దారి లేకనా, ఆసుపత్రిలో దక్కే అవమానానికి జంకా, మంత్రం మీద నమ్మకమా? బయటివారు మూడో కారణాన్నే రాసుకొంటారు, ఎందుకంటే జానపద విజ్ఞానంలో దానికే అధ్యాయం ఉంది. పెద్దమనిషి మాటే సముదాయం మాట కాకుండా ఉండాలంటే మంత్రసానిని, కోడలిని, వలసపోయిన యువకుడిని విడివిడిగా కూర్చోబెట్టే పద్ధతి కావాలి. లోపలి భేదాలను చూపడం సముదాయ పరిశోధనకు మినహాయింపు కాదు, విధి.

మూడోది పరిశోధకుల కష్టం. పీహెచ్.డి.కి గడువు ఉంటుంది, నిధులు ఉండవు, సముదాయం ఒప్పుకొనేదాకా ఆగడం ఎలా? ఈ కష్టం నిజమైనది. అయితే తాళపత్ర ప్రతుల కోసం గ్రంథాలయాల చుట్టూ ఏళ్ళ తరబడి తిరగడాన్ని శాఖలు పాండిత్యానికి గుర్తుగా మెచ్చుకొన్నాయి. తాళపత్రానికి ఇచ్చిన కాలం మనిషికి ఇవ్వలేకపోవడాన్ని గడువు మీదికి నెట్టడం సరికాదు.

ఉపసంహారం

తెలుగు శాఖలు వెంటనే చేయదగిన పనులు నాలుగు ఉన్నాయి. గిరిజన సముదాయాల మీద పరిశోధనాంశాన్ని నమోదు చేయడానికి ముందు ఆ సముదాయంతో చర్చించిన వివరం, వారు కోరిన మార్పులు ప్రతిపాదనలో ఉండాలి. అంగీకారం వారి భాషలో, వినిపించే రూపంలో జరగాలి. అంగీకరించినవారికి మధ్యలో విరమించుకొనే హక్కు ఉండాలి. రికార్డు చేసిన పాటలు, వైద్య విధానాలు, కథల ప్రతులు ముందుగా సముదాయానికి చెందాలి. ఏది ప్రచురించాలో, ఏది దాచుకోవాలో నిర్ణయం వారిది కావాలి. ‘సమాచార దాతలు’ అన్న పట్టిక పోయి, సహ పరిశోధకుల పేర్లు ముఖపత్రం మీదికి రావాలి. మౌఖిక పరీక్షలో వారిలో ఒకరు కూర్చొని ప్రశ్న వేసే అవకాశం ఉంటే మరీ మంచిది.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు. పరిశోధక మండలి సమావేశంలో ఒక తీర్మానం చాలు. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో వెలసిన విశ్వవిద్యాలయం కుప్పంలో ఉంది. బైరెడ్డిపల్లె దానికి దూరమేమీ కాదు. ఎరుకలసాని ఎరుక చెప్పే ఘట్టం మీద తెలుగులో వ్యాసాలకు కొదవ లేదు. వేషం వేసుకొన్న దేవుడి మాటను నమ్మిన సాహిత్యం, వేషం లేని ఎరుకల స్త్రీ తన ఒంటిని గురించి, తన వాడను గురించి చెప్పే మాటను కూడా ప్రమాణంగా స్వీకరించవలసిన సమయం ఇది. ఆ మాట వినడానికి ముందుగా ఆమెను ప్రశ్న అడగనివ్వాలి.